మృతుని తల్లి అభిప్రాయం

పొద్దున ఏడు దాటింది. కల్లూరులోని ఆ రెండు గదుల ఇంట్లో గురమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. పక్కగదిలో రమణి కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. సుజన ఆఫీసుకు తయారై, చేతిలో కాగితాల కట్టతో తల్లి పక్కకొచ్చి నిలబడింది.

"మా, ఈడొక సంతకం పెట్టల్ల."

రమణి మిషను ఆపలేదు. "ఏం కాగితం అది?"

"ఖైదీ విడుదలైతే మా ఇంట్లో ఉంచుకునేదానికి మాకు సమ్మతమే అని. ఇంటి యజమానిగా నువ్వే పెట్టల్ల."

మిషను ఆగింది. రమణి దారం తెంపి, గుడ్డను మడిచి పక్కన పెట్టింది. "సాయంత్రం చూద్దాంలే. నీకు టైమైతాంది, పో."

"వారం నుంచి సాయంత్రమే అంటాండావు."

గురమ్మ పెనం మీద రొట్టెను తిప్పింది. ఎవరి వైపూ చూడలేదు.

సుజనకు ఇరవై మూడేళ్లు. మీసేవ కేంద్రంలో పని. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, పింఛను... రోజంతా ఇతరుల అర్జీలు నింపడమే ఆమె ఉద్యోగం. ఈ ఒక్క అర్జీ మాత్రం సొంతింటిది. ఆమె తండ్రి ఓబుళేశు పద్నాలుగేళ్లుగా కడప సెంట్రల్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. ఆయనకు క్షమాభిక్ష పెట్టమని గవర్నరుకు అర్జీ పెడుతున్నారు. లాయరు బసవరాజు చిత్తుప్రతి రాసిచ్చాడు. దానికి కోర్టు తీర్పు నకలు, ఇంటివాళ్ల సమ్మతి పత్రం జతచేయాలి. ఆ తర్వాత ప్రొబేషను అధికారి వచ్చి విచారిస్తారు. ఖైదీ ఇంటివాళ్లను అడుగుతారు. చనిపోయిన మనిషి ఇంటివాళ్లనూ అడుగుతారు.

ఆ అధికారి రెండు ఇళ్లు తిరగాల్సిన పని లేదు. చనిపోయిన వీరేష్ రమణికి తమ్ముడు. గురమ్మకు ఒక్కగానొక్క కొడుకు. చంపినవాడి ఇల్లూ, పోయినవాడి ఇల్లూ ఇదే.

అది జరిగినప్పుడు సుజనకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవులకు ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉంది. తిరిగొచ్చేసరికి మామ లేడు, నాయన లేడు. పత్తికొండ పక్కన ఉన్న ఆ పల్లె నుంచి అమ్మ, అవ్వ, తను మూటలు కట్టుకుని కల్లూరు వచ్చేశారు. ఉమ్మడి బోరు దగ్గర నీళ్ల వంతు కోసం మాటా మాటా పెరిగిందని, నాయన పారతో ఒకే దెబ్బ కొట్టాడని ఆమెకు తెలిసింది అంతే. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. మామ ఏమన్నాడు? నాయన ఏమన్నాడు? ముందు చెయ్యెత్తిందెవరు? చిన్నప్పటి నుంచీ సుజనను ఆ ప్రశ్నలు వదలలేదు. మేనత్తతో కలిసి, పెద్దయ్యాక ఒంటరిగా, ఏడాదికి రెండుసార్లు జైలుకు ములాఖత్‌కు వెళ్లేది. నాయనను ఎప్పుడూ అడగలేకపోయింది. అమ్మ ఒక్కసారి కూడా కడప రాలేదు. అవ్వ మనసు నొప్పించకూడదని అనుకుంటోందని సుజన సర్దిచెప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే కోర్టు నుంచి తీర్పు నకలు చేతికొచ్చింది. నలభై రెండు పేజీలు, ఇంగ్లీషులో. అన్నం డబ్బా తెరిచి పెట్టుకుని చదవడం మొదలుపెట్టిన సుజన ఆరో పేజీ దగ్గర ఆగిపోయింది. ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి: రమణి, ముద్దాయి భార్య, మృతుని అక్క.

మళ్లీ చదివింది. వేరే రమణి కావడానికి వీల్లేదు. ఈ సాక్షి మాటలో ఎక్కడా తడబాటు లేదని, ఆమె సాక్ష్యాన్ని నమ్మే శిక్ష వేస్తున్నామని చివరి పేజీల్లో ఉంది. అన్నం డబ్బా అట్లే మూసేసింది.

సాయంత్రం ఇల్లు చేరగానే చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"మా, నాయన మీద మొదటి సాక్షివి నువ్వేనా?"

రమణి చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది. "ఎవురు చెప్పినారు?"

"కోర్టే చెప్పింది. ఇదో, రాసుండాది. నీ మాట నమ్మే నాయనకు శిక్ష వేసినారంట. పద్నాలుగేండ్ల నుంచి ఒక్క ముక్క నాకు చెప్పలేదే నువ్వు!"

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏం చేస్తునో నాకు తెల్దు. నాయనను జైలుకు పంపింది నువ్వేనని తెలిసుండేది."

"ఆయప్పను పంపింది ఆయప్ప చేతిలో పార." రమణి మాట ఆపలేదు. "నేను సద్ది తీసుకోని పోతాంటి. గట్టు ఎక్కేటప్పటికి పార లేచింది చూసినా. దిగింది చూసినా. కోర్టులో చూసింది చూసినట్లు చెప్పినా."

"భార్యవి గదమ్మా. చూడలేదంటే సరిపోయేది గద."

"భార్యనే. వీరేషుకు అక్కను గూడా గదా! రెండూ నేనే. నేనేం చెయ్యల్ల?" రమణి కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడింది. "మీ నాయన తరఫు వకీలు నన్ను మూడుమాట్లు అడిగినాడు. మీ తమ్ముని చేతిలో కొడవలి ఉండె గదా, ఉండె గదా అని. ఉండె అంటే శిక్ష తగ్గేదంట. మీ మేనత్త నా కాళ్లు పట్టుకునింది. నేను లేదన్నా. కొడవలి లేదు గాబట్టి లేదన్నా."

సుజన చేతిలోని కాగితాల వైపు చూసింది. పైనే బసవరాజు రాసిచ్చిన అర్జీ ఉంది. అందులోని ఒక వాక్యం గుర్తొచ్చి దాన్ని గబుక్కున తీర్పు కిందికి తోసింది. తల్లి అది గమనించలేదు. పొయ్యి దగ్గరున్న గురమ్మ గమనించింది.

"పాపా, ఆ అర్జీలో ఏం రాసినారు? చదువు."

"వద్దులే అవ్వా. అది లాయరు భాష."

"చదువు."

సుజన నేల చూస్తూ చదివింది. "మృతుడు కొడవలితో మీదికి రాగా, ఆత్మరక్షణ కోసం, క్షణికావేశంలో ఆ వ్యక్తిని కొట్టడం జరిగినది..."

గురమ్మ పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నా దించలేదు.

"వాని దినాలకు వచ్చినోళ్లు గూడా ఆ మాటే అనిరి," అంది చివరికి. "గురమ్మ కొడుకు కొడవలి ఎత్తినాడంట, లేకుంటే ఓబుళేశు అట్లాటోడు కాదే అని. నా కొడుకును పూడ్చిపెట్టి, వాడు రౌడీ అని మాటలు గూడా పడితి. ఇప్పుడు గవర్నరుకు గూడా అదే రాస్తాండారా? అదీ నా ఇంట్లో కూచోని, నా మనవరాలు?"

ఆ సాయంత్రం ముగ్గురూ ఒక్కో మూల కూర్చున్నారు. రొట్టెలు గంపలోనే ఉండిపోయాయి.

కానీ సుజన బుర్ర ఊరుకోలేదు. అమ్మ గట్టు మీది నుంచి చూసింది. అంతకు ముందు జరిగింది అమ్మకు కనబడి ఉండకపోవచ్చు. కొడవలి ఉందో లేదో తెలిసిన మనుషులు ఇద్దరే. వాళ్లలో ఒక్కడే మిగిలాడు.

శనివారం సెలవు పెట్టి కడప బస్సెక్కింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి జైలు చేరేసరికి పదకొండు గంటలైంది. ఇనుప జాలీ అవతల ఓబుళేశు వచ్చి కూర్చున్నాడు. యాభై దాటని మనిషికి జుట్టంతా తెల్లబడింది. జైలు తోటలో పనికి చేతులు మొరటుబారాయి.

"ఏమ్మా, ఎండకు పడి వస్తివి. తిన్న్యావా ఏమన్నా?"

"నాయనా, ఒకటి అడుగుతా. మామ చేతిలో కొడవలి ఉండెనా?"

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడేంటికి అది?"

"ఉండెనా, లేదా?"

ఓబుళేశు జాలీని పట్టుకున్న వేళ్లను చూసుకున్నాడు. "లేదు. భుజం మీద తువ్వాల ఉండె. చేతిలో ఏమీ లేదు."

"మరి వకీలు అట్ల ఎందుకు చెప్పినాడు? ఇప్పుడు అర్జీలో గూడా, కొడవలితో మీదికొచ్చిన 'ఆ వ్యక్తి'ని కొట్టినావనే రాసినారు."

"ఉరి పడతాదని భయపెట్టిరి. నేను సరే అంటి. ఎవురూ అడగలేదు నన్ను, ఎట్ల చెప్పల్లనో మాత్రం నేర్పిరి." ఆయన గొంతు తగ్గింది. "ఆ పొద్దు బోరు నా వంతు. వాని టమాటా ఎండుతాందని ఇంకో గంట ఇడువు బావా అనె. నాది గూడా ఎండుతానే ఉండె. రా, పోరా అని మాటలొచ్చె. నా నోటికొచ్చిందంతా నేనన్నా. వానికి నవ్వొచ్చె. ఆ నవ్వుకు లేచింది సుజనా నా చెయ్యి. ఒక నవ్వుకు."

సుజన కళ్లు తుడుచుకుంది. "అమ్మ సాక్ష్యం చెప్పిందని నాకిప్పుడే తెలిసింది."

"మీ అమ్మను ఒక్క మాట అనొద్దు. ఆమె బోనెక్కి కొడవలి లేదన్న పొద్దు నాకు కోపం రాలేదు. మాలో ఒకరన్నా నిజం చెప్పినారనిపించె. జరిగినప్పటి నుంచి నాకు కన్ను మూతపడింది ఆ రోజే." ఆయన జాలీకి దగ్గరగా వంగాడు. "ఆ అర్జీలో ఆ మాట కొట్టెయ్యమ్మా. చేతిలో ఏమీ లేని మనిషిని కొట్టినా అని రాయించు. 'ఆ వ్యక్తి' అని కాదు. వీరేష్ అని పేరు రాయించు."

"అట్ల రాస్తే నిన్ను విడవకపోతే?"

"ఈడనే ఉంటా. పద్నాలుగేండ్లు ఉండలేదా?"

సోమవారం బసవరాజు ఆఫీసులో సుజన ఆ మాటే చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమమ్మా, తెలిసే మాట్లాడుతాండావా? ఇన్నేండ్లు ఆత్మరక్షణ అని చెప్పుకోని, ఇప్పుడు ఉత్తచేతుల మనిషిని కొట్టినా అంటే ఫైలు చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"నిజం చెప్పినాడు అనుకుంటారేమో సార్."

"అనుకోకపోతే? మళ్లీ అర్జీ పెట్టే అవకాశం ఎప్పుడొస్తాదో తెల్దు. నా సలహా అయితే ఆ వాక్యం ఉండనీమనే."

"మా నాయన వద్దన్నాడు సార్. ఆ వాక్యం ఉంటే మా అవ్వ ముందర నేను నిలబడలేను."

బసవరాజు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని కొత్త కాగితం తీసుకున్నాడు. కొత్త ప్రతి జైలుకు పోయి, ఓబుళేశు సంతకంతో తిరిగొచ్చింది. సుజన దాన్ని ఇంట్లో పైకి చదివింది. వీరేష్ అన్న పేరు దగ్గర రమణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురమ్మ ఆ ఒక్క వాక్యం రెండోసారి చదివించుకుంది.

తర్వాతి గురువారం ప్రొబేషను అధికారి లక్ష్మీప్రియ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, మాట మెత్తన. కుర్చీలో కూర్చుని ఫారం తీసింది.

"రమణిగారూ, ఆయన విడుదలైతే ఇంట్లో ఉంచుకోవడానికి మీకు సమ్మతమేనా?"

రమణి తల్లి వైపు చూసింది. "నేను సరే అంటే మాయమ్మకు మొగం చూపించలేను మేడమ్. వద్దంటే నా కూతురికి చూపించలేను. ముందు ఆమెను అడగండి."

లక్ష్మీప్రియ గురమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ఈడ మృతుని కుటుంబ సభ్యుల అభిప్రాయం అని ఒక కాలమ్ ఉంది. మీరు చెప్పింది చెప్పినట్లు రాస్తాను. ఆయన్ను విడవడం మీకు సమ్మతమేనా?"

"ఆయప్పను నేనొక మాట అడగల్ల. అడిగినంక చెప్తా."

"ఏం అడగాలో చెప్పండి, నేను అడిగిస్తాను."

"నీతో చెప్పి అడిగించేది కాదు తల్లీ అది."

లక్ష్మీప్రియ ఒత్తిడి చేయలేదు. పది రోజుల్లో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

ఆ పది రోజుల్లో సుజన ఎన్నిసార్లు అడిగినా గురమ్మ నోరు విప్పలేదు. "డెబ్బై ఏండ్లు వచ్చినాయి, ఒక మాట కడుపులో పెట్టుకునేంత బలం లేదనుకుంటివా?" అని కసిరింది. ఏమై ఉంటుంది? ఎందుకు కొట్టావని అడుగుతుందా? నా కొడుకును తిరిగి ఇస్తావా అని అరుస్తుందా? రమణికి కూడా తెలియదు. కానీ కడపకు బయలుదేరే రోజు రమణి కూడా చీర మార్చుకుని గడప దగ్గర నిలబడింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి.

బస్సులో గురమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాగలమర్రి దాటాక రోడ్డు పక్కన శనగ చేలు చూస్తూ, "ఈ పొద్దు ఈడ వానబడినట్లుంది," అంది. అంతకు మించి దారిపొడవునా మాట్లాడలేదు.

జాలీ అవతలికి వచ్చిన ఓబుళేశు కూతురిని చూడబోయి అత్తను చూశాడు. కూర్చోబోయినవాడు నిలబడిపోయాడు. రెండు చేతులూ జోడించాడు. రమణి గోడ దగ్గరే ఆగిపోయింది.

"కూచో," అంది గురమ్మ. "నిలబడితే నీ మాట నాకు ఇనపడదు."

ఆయన కూర్చున్నాడు. "అత్తా..."

"నిన్ను ఏంటికి కొట్టినావని అడిగేదానికి రాలేదు. అది కోర్టు అడిగింది. నేను అడిగేది ఒకటే. రమణి గట్టు దిగి వచ్చేలోపల వానికి మాట పడిపోయింది. అంతకు ముందు వాని దగ్గర ఉండింది నువ్వొక్కనివే." ముసలామె గొంతు సర్దుకుంది. "నా కొడుకు ఆఖర్న ఏమన్నా అన్నాడా?"

సుజన అవ్వ వైపు తిరిగింది. పద్నాలుగేళ్లు అవ్వ మోసింది ఈ ప్రశ్ననా! సమాధానం చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడినే ఆమె అడగలేకపోయింది.

ఓబుళేశు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. గురమ్మ ఎదురుచూసింది.

"అన్నాడత్తా."

"ఏమని?"

"పడినంక... తల నా ఒళ్లో పెట్టుకుంటి. కండ్లు తెరిచె. 'బావా, మోటరు ఆపు. నీళ్లు బాటలోకి పోతాండాయి' అనె. అంతే."

గురమ్మ ఆ మాటలను తనలో తనే ఒకసారి అనుకుంది. "అమ్మా అనలేదా?"

చెప్పొచ్చు కదా అనిపించింది సుజనకు. ఆ ఒక్క మాట అబద్ధమైనా ముసలామెకు చాలు కదా. ఆయన చేతిలో పని.

ఓబుళేశు తల అడ్డంగా ఊపాడు. కన్నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. "లేదత్తా. అనలేదు."

గురమ్మ ముఖం ముడతలుపడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "వాడంతే. కడవలో నుంచి చెంబు నీళ్లు ఒలికినా నా మీద గుర్రుమనేటోడు. సచ్చేటప్పుడు గూడా నీళ్ల గోలే..." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు ఆత్రంగా ముందుకు వంగి అడిగింది. "ఆపితివా?"

"ఆపినా. పరిగెత్తి పోయి ఆపి వచ్చినా."

"ఆ మేలన్నా చేసినావు," అంది గురమ్మ. కర్ర పట్టుకుని లేచింది. కూతురి పక్క నుంచి పోతూ, "పో. నీ మాట నువ్వు మాట్లాడుకోపో," అంది.

రమణి జాలీ దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పిందే నిజమని రాయించినా," అన్నాడు ఓబుళేశు.

"పాప చదివింది." రమణి ఆయన తల వైపు చూసింది. "జుట్టు అంతా తెల్లగైపాయె నీకు." తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయింది.

జైలు బయట వేపచెట్టు నీడలో కూర్చున్న గురమ్మ దగ్గరికి సుజన నీళ్ల సీసాతో వచ్చింది. "అవ్వా, మామ మాట ఇనేదానికి ఇంతదూరం వచ్చినావు. నాయన చెప్పింది నమ్మినావా?"

"నమ్మినా. నాకోసరం 'అమ్మా' అన్నాడని చెప్పింటే నమ్మకపోదును."

లక్ష్మీప్రియ మళ్లీ వచ్చినప్పుడు గురమ్మ తన అభిప్రాయం చెప్పింది. అధికారి అక్షరం మార్చకుండా రాసుకుంది. "నా కొడుకు చేతిలో కొడవలి లేదని ఒప్పుకున్నాడు. నాకు ఆ మాట చాలు. మాఫీ అయితే నాకింకా మనసుకు రాలేదు. వస్తాదో రాదో తెల్దు. సర్కారు విడుస్తానంటే మాత్రం నేను అడ్డం లేను." కింద వేలిముద్ర వేసింది. దాని పక్కనే రమణి సమ్మతి పత్రం మీద సంతకం చేసింది.

ఫైలు పైకి వెళ్లింది. ఒకసారి వివరణ అడుగుతూ వెనక్కి వచ్చింది. బసవరాజు సమాధానం రాశాడు. నెలలు గడిచాయి. సుజన రోజూ ఊరందరి అర్జీల స్థితి చూసి చెబుతూ, తన అర్జీ ఏమైందో తెలియక తిరిగింది. ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బసవరాజు ఫోన్ చేశాడు. విడుదల జాబితాలో ఓబుళేశు పేరు ఉంది.

సుజన ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పింది. రమణి మిషను ముందు అట్లే కూర్చుండిపోయింది. ఆమెకు సంతోషం కంటే ముందు భయం వేసింది. లేచి గురమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"మా, డోన్‌లో నాపరాళ్ల పాలిషు మిషను దగ్గర ఆయప్పకు పని ఇప్పిస్తామని లక్ష్మీప్రియ మేడమ్ అనింది. ఆయప్పను ఆడనే ఉండమందునా? మేము పోయి చూసొస్తాంటాంలే."

గురమ్మ జొన్నపిండి చేతులు దులుపుకుంది. "మరి ఆ కాగితంలో ఏమని సంతకం పెడితివి? ఈ ఇంట్లో ఉంచుకుంటా అని గదా?"

"పెట్టినా. కానీ రోజూ ఆ మొగం చూస్తే నీకు వీరేషు గుర్తుకొస్తాడు గదమ్మా."

గురమ్మ కూతురి చెంప మీది కన్నీళ్లను వేలితో తుడిచింది. పిండి అంటుకుని అక్కడ తెల్లటి గీత పడింది.

"చూడకపోయినా వస్తానే ఉండాడు గదే," అంది. "పో. పోయి ఇంటికి పిలుచుకోని రాపో."